కాదంటే ఏం చేయాలి?

మా పెద్దన్నయ్య నా క్లాసులో చివరి వరసలో కూర్చుని ఉండటం చూసి, నేనే గది తప్పి వచ్చానేమో అనుకున్నాను.

జిరాక్స్ షాపు పైన ఉన్న ఆ గదిలో సాయంత్రాలు నేను పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పుతాను. ఒక నర్సు, ఒక సెక్యూరిటీ గార్డు, బ్యూటీ పార్లర్ నడిపే ఒకావిడ, ఒక కారు డ్రైవరు, ఇంకా అలాంటివాళ్ళే మరికొందరు. ఎవరు ఏ అవసరం కోసం వచ్చారో మొదటిరోజే కూపీ లాగేస్తాను. తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు. మా ఇంట్లో నన్ను టీచరమ్మ అనేది పాఠాలు చెప్తానని కాదు, ప్రతిదానికీ ప్రశ్నలు వేస్తానని.

"ఏంటన్నయ్యా, ఇలా వచ్చావు?" అన్నాను.

"ఇంగ్లీషు నేర్పు."

"ఎందుకు?"

"ముందు నేర్పు."

మా పెద్దన్నయ్య మాటలన్నీ ఇలాగే ఉంటాయి. తే, పెట్టు, పట్టుకో, వదులు. ఎవరినీ ఏదీ అడగడు, చెప్తాడు. చిన్నతనంలోనే ఇంటి బరువంతా నెత్తిన పడింది, పాపం వాడికి అడిగే తీరిక ఎక్కడిది అని అమ్మ ఆయన్ని వెనకేసుకొచ్చేది. నేను వెనకేసుకురాను. "చేస్తావా?" అనడానికి "చెయ్" అనడం కన్నా ఎంత ఎక్కువ తీరిక కావాలి?

మా అన్నయ్యలిద్దరికీ పాత కుర్చీలు బాగుచేసే దుకాణం ఉంది, నా క్లాసుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతలి వైపు. కాళ్ళు, చేతులు, అతుకులు, పాలిష్ పెద్దన్నయ్య పని. కేన్ పట్టీలతో సీటూ వీపూ అల్లడం చిన్నన్నయ్య పని. ఏ కుర్చీ అయినా ఇద్దరి చేతుల్లోనూ పడాల్సిందే, లేకపోతే గడప దాటదు. ఏళ్ళ తరబడి పక్కపక్కన పనిచేసి పనిచేసి, ఇద్దరూ పనిముట్ల పేర్లు కూడా వాడటం మానేశారు. "అది ఇలా ఇయ్యి" అంటే ఉలి. ఆ "అది"నే కొంచెం సాగదీసి అంటే జిగురు. విన్నవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్ళకి మాత్రం ఎప్పుడూ పొరపాటు వచ్చేది కాదు.

అలాంటివాళ్ళు ఈమధ్య మాట్లాడుకోవడం మానేశారు. దానికి కారణం ఒక కుర్చీ. చిన్నన్నయ్య ఎక్కడో ఫోటోలో చూసి, ముచ్చటపడి, కొత్త రకం అల్లిక వేశాడు దానికి. నక్షత్రాల్లా వచ్చింది. నేనూ చూశాను, ఎంత బాగుందో! వాడు భోజనానికి వెళ్ళి వచ్చేసరికి పెద్దన్నయ్య ఆ సీటంతా కత్తెరతో కోసి పక్కన పడేశాడు. కస్టమర్ పాత అల్లికే కావాలన్నాడట. అది నిజమే. కానీ ఒక్క మాట చెప్పి కోయొచ్చుగా? చెప్పలేదు. ఆ కుర్చీ అప్పటినుంచీ నడుమ పెద్ద కంతతో గోడవారన అలాగే పడి ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని ముట్టుకోవడం లేదు.

ఎడమొహం పెడమొహంగా ఉన్నా పని ఆగదు కదా. అందుకని ఇద్దరూ కుర్చీలతో మాట్లాడటం మొదలుపెట్టారు. పెద్దన్నయ్య కాలు అతికించిన కుర్చీని తెచ్చి చిన్నన్నయ్య వైపు పెట్టి, "నీ కాలు గట్టిపడింది. పోయి సీటు వేయించుకో" అని దానికి చెప్తాడు. చిన్నన్నయ్య కాస్త మర్యాదస్తుడు. "కుర్చీ గారూ, మీ వీపుకి కన్నాలు వంకరగా పడ్డాయి. ఎవరు తొలిచారో వాళ్ళ దగ్గరికే వెళ్ళండి" అంటాడు. ఒక పెద్దావిడ బాగుచేయించిన కుర్చీని ఇంటికి తీసుకెళ్తూ, "ఇది ఇంట్లో కూడా ఏమైనా అడుగుతుందా బాబూ?" అని భయంభయంగా అడిగిందట.

చూసేవాళ్ళకి నవ్వులాటే. నాకు మాత్రం ఆ దుకాణంలోకి వెళ్తే ఊపిరాడేది కాదు.

పెద్దన్నయ్య వచ్చిన రోజు పాఠం చాలా తేలిక. దగ్గరున్న వస్తువుకి దిస్, దూరంగా ఉన్నదానికి దట్. ఒకటికి మించి ఉంటే దీజ్, దోజ్. మిగతావాళ్ళు తడబడుతుంటే పెద్దన్నయ్య చెలరేగిపోయాడు. ఇన్నేళ్ళూ ఇదీ అదీ అనుకుంటూనే బతికినవాడు కదా! గదంతా తిరిగి ఒక్కో కుర్చీనీ ఊపి చూశాడు.

"దిస్ చైర్ గుడ్. దట్ చైర్ బ్యాడ్. దోజ్ లెగ్స్... వెరీ బ్యాడ్."

సెక్యూరిటీ గార్డు గబుక్కున తన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు.

చివర్లో, కిటికీలోంచి కనిపించేది ఏదైనా చూపించి ఒక వాక్యం చెప్పమన్నాను. డ్రైవరు తన కారు చూపించాడు. నర్సు మందుల షాపు చూపించింది. పెద్దన్నయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాడు. ఎదురుగా చిన్నన్నయ్య దుకాణం షట్టరు దించి తాళం వేస్తున్నాడు.

"దట్ ఈజ్ మై బ్రదర్," అన్నాడు పెద్దన్నయ్య.

తప్పేమీ లేదు, వాక్యం సరిగ్గానే ఉంది. "వెరీ గుడ్" అనడం మరిచిపోయి నేనూ కిటికీ దగ్గరికి వెళ్ళాను.

ఆ రోజునుంచీ నా బుర్రలో ఒకటే పురుగు. ఈయనకి ఇంగ్లీషు ఎందుకు? కస్టమర్ల కోసమా అంటే, ఇంగ్లీషులో మాట్లాడేవాళ్ళు వస్తే చూసుకునేది ఎప్పుడూ చిన్నన్నయ్యే. ఇక ఉండబట్టలేక, పాత చీరకి జాకెట్టు కొలత అన్న సాకు ఒకటి చంకన పెట్టుకుని చిన్నొదిన దగ్గరికి వెళ్ళాను.

చిన్నొదిన ఇస్త్రీ చేస్తోంది. నా మొహం చూడగానే, "సాకు పక్కన పెట్టి అసలు సంగతి అడుగు" అంది. అడిగాను. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, గొంతు తగ్గించి చెప్పింది.

"పెద్ద ఫర్నిచర్ కంపెనీ వాళ్ళు మీ అన్నయ్యని పిలుస్తున్నారు. అల్లిక పనంతా ఆయన చేతికే ఇస్తారట. ఏ డిజైన్ వేసుకున్నా అడ్డం చెప్పరట. శుక్రవారం సాయంత్రానికి ఏ సంగతో చెప్పాలి."

"వెళ్తాడా?"

"ఏమో. అన్నం కలుపుతూ వెళ్తానంటారు, చెయ్యి కడుక్కుంటూ వెళ్ళనంటారు."

"పెద్దన్నయ్యకి తెలుసా?"

"ఈయన చెప్పలేదు. కానీ కంపెనీ వాళ్ళు దుకాణానికి ఫోన్ చేస్తే ఎత్తింది బావగారే. అంతా విన్నారట. విని, ఫోన్ ఈయన చేతికి ఇవ్వకుండా ఒక కుర్చీ మీద పెట్టి, 'నీకే ఫోన్' అని ఆ కుర్చీకి చెప్పి వెళ్ళిపోయారట."

నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. నాకు అంతా అర్థమైపోయింది అనుకున్నాను. తమ్ముడు వెళ్ళిపోతాడని తెలిసింది. ఆపాల్సింది పోయి, వాడు వెళ్ళాక ఇంగ్లీషు కస్టమర్లతో ఎలా నెగ్గుకురావాలా అని ముందే ఏర్పాట్లు చేసుకుంటున్నాడన్నమాట! ఎంత రాతిగుండె ఉండాలి ఆ పని చేయడానికి?

మర్నాడు కోపం దిగమింగుకునే పాఠం మొదలుపెట్టాను. ఎదుటివాళ్ళని ఏదైనా చేద్దామా అని అడగడం ఎలా అన్నది పాఠం. లెట్స్, షల్ వుయ్, వై డోంట్ యు, వై డోంట్ వుయ్, హౌ అబౌట్. బోర్డు మీద అన్నీ రాశాను.

"ఇవి ఆర్డర్లు కావు, గుర్తుంచుకోండి," అన్నాను చివరి వరస వైపు చూస్తూ. "ఆర్డర్ వేస్తే ఎదుటివాళ్ళు చేసి తీరాలి. ఇలా అడిగితే కాదనొచ్చు. కాదనే వీలు వాళ్ళకి ఇచ్చినప్పుడే అది అడగడం అవుతుంది."

ఇద్దరిద్దరిని జత కట్టి మాట్లాడించాను. పెద్దన్నయ్యకి నర్సు జత. టీ తాగుదామా అని ఆయన అడగాలి.

"డ్రింక్ టీ," అన్నాడు పెద్దన్నయ్య.

"అలా కాదండీ. వై డోంట్ వుయ్..." అని నర్సు అందించింది.

"వై డోంట్ వుయ్ డ్రింక్ టీ!" అన్నాడు. మాటలు మారాయి గానీ గొంతు మారలేదు. కుర్చీ కాలు విరిచి చేతికిచ్చినట్టు ఉంది.

కాదనడం కూడా నేర్చుకోవాలి కదా అని నర్సు నవ్వుతూ, "నో, థాంక్యూ" అంది.

"ఎందుకు వద్దు?"

"పాఠం కోసం వద్దన్నానండీ."

"పొద్దున్నుంచి డ్యూటీలో ఉన్నావు, మొహం పీక్కుపోయింది, టీకి ఏమొచ్చింది? తాగు."

నర్సు బిక్కమొహం వేసింది. లేని టీ కోసం వాళ్ళిద్దరి మధ్య పెద్ద పంచాయితీ అయింది. పార్లర్ ఆవిడ మధ్యవర్తిగా దిగి, "పోనీ సగం కప్పు తాగమ్మా, గొడవ వదిలిపోతుంది" అంది. నేను డస్టర్‌తో బల్ల మీద కొట్టాల్సి వచ్చింది.

అప్పుడు పెద్దన్నయ్య చెయ్యెత్తాడు. ఆయన జన్మలో చెయ్యెత్తి ఏదైనా అడగడం నేను చూసింది అదే.

"కాదంటే ఏం చేయాలి?"

"సరే అనాలి."

"అంతేనా?"

"అంతే."

"అయితే అడగడం ఎందుకు?"

క్లాసంతా నా వైపు చూసింది. నిజం చెప్పాలంటే నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడం నా ఒంటికి పడదు కాబట్టి బోర్డు మీద చివరి వాక్యం కింద గట్టిగా గీత గీశాను.

"ముందు సరే అనాలి. మనస్ఫూర్తిగా అనాలి. ఆ తర్వాత, కావాలంటే, ఇంకొంచెం చిన్నది ఇంకోటి అడగొచ్చు. హౌ అబౌట్ అని."

పెద్దన్నయ్య తలూపి, మళ్ళీ కూర్చున్నాడు. పెదాలు మాత్రం ఏదో గొణుక్కుంటూనే ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నం దుకాణానికి వెళ్ళాను. పోట్లాడటానికే వెళ్ళాను, దాపరికం ఎందుకు? చిన్నన్నయ్య భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని మరీ వెళ్ళాను. లోపల్నుంచి పెద్దన్నయ్య గొంతు వినపడి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చాటుగా వినడం తప్పే. అయినా విన్నాను.

"స్టే," అంటున్నాడు. వెంటనే, "కాదు, కాదు." గొంతు సవరించుకున్నాడు. "వై డోంట్... యు స్టే?" మళ్ళీ, ఈసారి చిన్నగా, "వై డోంట్ యు స్టే?"

తొంగి చూశాను. గోడవారన పడి ఉన్న కంత కుర్చీని బయటికి లాగి, గుడ్డతో దుమ్ము తుడిచి, దాని ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నాడు. అడుగుతున్నది దాన్నే.

పోట్లాటకి తెచ్చుకున్న మాటలన్నీ గుమ్మం దగ్గరే వదిలేశాను. నేను ఎంత తప్పుగా అనుకున్నాను! కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళాను. నన్ను చూసి తేలు కుట్టిన దొంగలా గుడ్డతో కుర్చీ మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

"దీనికోసమా అన్నయ్యా, ఇంగ్లీషు?"

వంగి కుర్చీ కాళ్ళు కూడా తుడిచాడు.

"మన మాటల్లో అడిగితే ఏం? వాడికి అర్థం కాదా?"

"అడుగుదామనే వెళ్తాను," అన్నాడు, నా వైపు చూడకుండా. "నోరు తెరిస్తే 'ఉండు' అని వస్తుంది. వెళ్ళకు, ఇక్కడే పడి ఉండు, అలాగే వస్తుంది. నోటికి అదే అలవాటు. కొత్త మాటలకి ఆ అలవాటు ఉండదు కదా అనుకున్నా."

కుర్చీ చట్రం మీద చెయ్యి వేసి నిమిరాడు. "వాడు లేకపోతే దుకాణం ఎలాగా అని కాదు చెల్లాయ్. అల్లేవాళ్ళు దొరుకుతారు. పొద్దున్నే షట్టరు తీసేసరికి వాడు పక్కన ఉండాలి. అంతే నాకు కావాల్సింది."

అంత పొడుగు మాట ఆయన నోటి వెంట రావడం నాకు గుర్తు లేదు.

"అడగడం వచ్చేసింది నీకు," అన్నాను. "సరే అనడమే రాలేదు. అది నేర్చుకుందువు, రా."

అలా ఆ మధ్యాహ్నం మేము నేర్చుకున్నది కాదనిపించుకోవడం. ఆయన అడగడం, నేను కాదనడం, ఆయన సరే అనడం. టీ తాగుదామా? వద్దు. పళ్ళు కొరుక్కుంటూ, సరే. తలుపు వేద్దామా? వద్దు. సరే. మొదట్లో ప్రతి "సరే" వెనక ఒక "కానీ" తోసుకొచ్చేది. దాన్ని మింగేసరికి ఆయనకి చెమటలు పట్టాయి. పెద్ద బీరువా ఒంటరిగా మోసినప్పుడు కూడా అంత ఆయాసపడలేదు మా అన్నయ్య. చివరికి ఒకసారి మామూలుగా, పక్కవాడు విన్నా అనుమానపడనట్టుగా, సరే అన్నాడు. అప్పుడు నేను ఇంటికి వెళ్ళాను.

శుక్రవారం మధ్యాహ్నం నన్నెవరూ పిలవలేదు. పిలవకపోతే వెళ్ళకూడదని ఎక్కడైనా ఉందా? వెళ్ళి, పాలిష్ డబ్బాల పక్కన స్టూలు మీద కూర్చున్నాను. చిన్నన్నయ్య కేన్ పట్టీలు నీళ్ళలో నానబెడుతున్నాడు. పెద్దన్నయ్య కంత కుర్చీని తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టాడు. దాన్ని చూడగానే చిన్నన్నయ్య మొహం బిగుసుకుపోయింది.

"వై డోంట్ యు స్టే?" అన్నాడు పెద్దన్నయ్య.

తొట్టిలో చిన్నన్నయ్య చేతులు ఆగిపోయాయి. అలవాటుగా కుర్చీ వైపు తిరిగాడు. "కుర్చీ గారూ, మీరు అడిగింది బాగానే ఉంది గానీ..."

"కుర్చీ కాదు అడిగింది. నేను," అన్నాడు పెద్దన్నయ్య. "నిన్నే అడుగుతున్నా." కుర్చీని కొంచెం పక్కకి జరిపాడు. "కాదనొచ్చు."

చిన్నన్నయ్య నా వైపు చూశాడు. నేను నోరు మెదపలేదు, అది నాకెంత కష్టమో వాడికి తెలుసు. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని అన్న ఎదురుగా నిలబడ్డాడు.

"వెళ్తానన్నయ్యా," అన్నాడు.

అన్నయ్యా అన్న పిలుపు ఆ దుకాణంలో వినపడి ఎన్నాళ్ళయిందో!

"నీ మీద కోపంతో కాదు. అబద్ధం ఎందుకు, కొంచెం కోపం కూడా ఉంది. కానీ అక్కడ పని చూసొచ్చాను. నాకు నచ్చింది. నా బుర్రలో ఉన్న అల్లికలు వేసి చూసుకోవాలని ఉంది."

పెద్దన్నయ్య పెదాలు కదిలాయి. వాటి వెనక ఏ మాటలు వరస కట్టి ఉన్నాయో నాకు తెలుసు. నీకు పని నేర్పింది ఎవరు? నిన్ను ఇంతవాణ్ణి చేసింది ఎవరు? ఉండు, ఎక్కడికీ పోవద్దు. స్టూలు అంచు గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఉండిపోమంటే వాడు ఉండిపోతాడేమో కూడా. ఒక్క క్షణం నాకూ ఆయన అలా అంటే బాగుండనిపించింది. నేను చెప్పిన పాఠం మీద నాకే కోపం వచ్చింది.

"సరే," అన్నాడు పెద్దన్నయ్య.

దాని వెనక "కానీ" కోసం చూశాను. రాలేదు.

వెళ్ళి తన బల్ల దగ్గర నిలబడ్డాడు. చిత్రిక చేతిలోకి తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే మోచేత్తో తుడుచుకున్నాడు. చిన్నన్నయ్య కదలకుండా ఆయన్నే చూస్తున్నాడు. కాదంటే సరే అన్న అన్నని వాడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. నేనూ చూడలేదు.

పెద్దన్నయ్య వెనక్కి తిరిగాడు.

"హౌ అబౌట్... సండే?"

"ఆదివారం ఏంటి?"

"ఈ కుర్చీ. ఏ అల్లికైనా నీ ఇష్టం. ఆ కస్టమర్‌కి నేను చెప్పుకుంటా. ఆదివారాలు... వీలైతేనే. కాద..."

"ఆపన్నయ్యా," అన్నాడు చిన్నన్నయ్య. వాడి ముక్కు ఎర్రబడింది. కంతలో చెయ్యి పెట్టి, చట్రానికి ఇంకా వేలాడుతున్న తెగిన పట్టీ ఒకటి లాగేశాడు. "కస్టమర్ అడిగింది పాత అల్లికే. అదే వేస్తా. నువ్వు కోసినందుకు కాదు నా బాధ. ఒక్క మాట..."

"అడగాల్సింది," అన్నాడు పెద్దన్నయ్య.

చాలాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. కుర్చీతో కూడా మాట్లాడలేదు.

"ఆదివారం వస్తా," అన్నాడు చిన్నన్నయ్య. సాయంత్రం కంపెనీ మనిషి వచ్చినప్పుడు ఆయనకి కుర్చీ వేసింది పెద్దన్నయ్యే.

ఆదివారం ఆ పక్కగా నాకు పనేమీ లేదు. అయినా వెళ్ళాను. షట్టరు సగం తీసి ఉంది. వంగి చూస్తే ఇద్దరూ పక్కపక్కన కనిపించారు. కంత చుట్టూ చిన్నన్నయ్య పట్టీలు బిగిస్తున్నాడు, పెద్దన్నయ్య వేరే కుర్చీ కాలు అతికించే పనిలో ఉన్నాడు. తల ఎత్తకుండానే చెయ్యి చాచాడు.

"అది..." అని సాగదీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "అది ఇలా ఇస్తావా?"

చిన్నన్నయ్య చేతిలో పని ఆపి ఆయన వైపు చూశాడు.

"ఇవ్వను," అన్నాడు.

"సరే," అన్నాడు పెద్దన్నయ్య.

చిన్నన్నయ్య నవ్వుతూ జిగురు డబ్బా అందించాడు.